వెలుగు పడితేనే పనిచేసే లోహ మందులు, క్యాన్సర్: తరచుగా అడిగే ప్రశ్నలు

"లైట్ వేస్తే క్యాన్సర్ మాయం" అని ఏదో ఒక వార్త వచ్చినప్పుడల్లా ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. ఇంట్లో క్యాన్సర్ రోగి ఉన్నవాళ్లు ఆశతో అడుగుతారు. కెమిస్ట్రీ చదివే పిల్లలు కుతూహలం కొద్దీ అడుగుతారు. ఇద్దరికీ పనికొచ్చేలా జవాబులు ఒకచోట పెట్టాను. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా ఇబ్బంది లేదు, దేని జవాబు దానికే పూర్తిగా ఉంటుంది. చికిత్స నిర్ణయం మాత్రం మీ క్యాన్సర్ డాక్టరుతో మాట్లాడే తీసుకోండి.

## వార్త చూడగానే అడిగేవి

అసలు ఏంటీ మందు? లైట్ వేస్తే పనిచేయడమేంటి?

మామూలు కీమో మందు రక్తంలోకి ఎక్కిన క్షణం నుంచీ పని మొదలుపెడుతుంది. కణితి ఉన్నచోటా చేస్తుంది, లేనిచోటా చేస్తుంది. జుట్టు, పేగులు, కిడ్నీలు దెబ్బతినేది అందుకే. వెలుగుతో పనిచేసే మందు చీకట్లో ఉన్నంతసేపూ దాదాపు ఏ పనీ చేయదు. దానికి సరిపడే రంగు వెలుగు తగిలినప్పుడే ఆ అణువు శక్తిని పీల్చుకుని చుట్టూ ఉన్న కణాలను చంపగలిగే స్థితికి వస్తుంది. అంటే మందు ఎక్కడ పనిచేయాలి, ఎప్పుడు పనిచేయాలి అన్న రెండూ వెలుగు పట్టుకున్న డాక్టరు చేతిలో ఉంటాయి. ఈ రంగం మొత్తానికీ బలం అదే. వెలుగు చేరని చోట మందు పనిచేయదు కాబట్టి హద్దు కూడా అదే.

ఇందులో లోహం ఎందుకు? మామూలు రంగు పదార్థాలు చాలవా?

చాలావరకు చాలుతాయి. ఇప్పుడు వాడుకలో ఉన్న వెలుగు మందుల్లో ఎక్కువ వాటిలో లోహమే లేదు. కానీ లోహం చేరితే రెండు లాభాలున్నాయి.

ఒకటి: వెలుగు పీల్చుకున్న అణువు మొదట ఉండే ఉత్తేజ స్థితి నానోసెకన్లలో ముగిసిపోతుంది. అంత తక్కువ సమయంలో పక్కనున్న ఆక్సిజన్‌కి శక్తిని అందించడం కష్టం. అణువు 'ట్రిప్లెట్' అనే రెండో స్థితికి జారితే మైక్రోసెకన్ల పాటు, అంటే వేల రెట్లు ఎక్కువసేపు, ఉత్తేజంగా ఉండగలదు. రుథీనియం, పల్లాడియం, ప్లాటినం, ఇరిడియం లాంటి బరువైన పరమాణువులు ఆ జారుడును బాగా సులభం చేస్తాయి.

రెండు: లోహానికి అతుక్కుని ఉండే అణువులను, అంటే లైగాండ్లను, వెలుగుతో ఊడగొట్టవచ్చు. ఊడిన ముక్క మందుగా పనిచేయవచ్చు, మిగిలిన లోహం కూడా పనిచేయవచ్చు. నాకు ఎక్కువ ఆసక్తి ఈ రెండో దారి మీదే.

మనవాళ్ల లోహ భస్మాలు కూడా ఇలాంటివేనా?

కావు. ఇక్కడ లోహం పొడిగానో భస్మంగానో ఉండదు. ఒక్క లోహ పరమాణువు చుట్టూ ఏ లైగాండ్లు, ఏ వరుసలో, ఏ కోణంలో ఉండాలో కచ్చితంగా నిర్ణయించి తయారుచేసిన అణువు ఇది. ఆ అమరిక మారితే మందు గుణమే మారిపోతుంది. ఏ మోతాదులో ఇవ్వాలి, ఏ రంగు వెలుగు ఎంతసేపు వేయాలి అన్నవి కొలతల ప్రకారం నడుస్తాయి. "లోహమే కదా, మా దగ్గరా ఉంది" అని ఎవరైనా పొడి పొట్లం చేతిలో పెడితే తీసుకోవద్దు. క్యాన్సర్ రోగికి కిడ్నీలు, కాలేయం అప్పటికే అలసిపోయి ఉంటాయి.

సిస్‌ప్లాటిన్‌లో కూడా ప్లాటినమే కదా? కొత్తేముంది?

నిజమే, అది ప్లాటినం ఉన్న కీమో మందు. లోహంతో క్యాన్సర్ వైద్యానికి దారి తీసింది సిస్‌ప్లాటినే. 1960ల్లో అమెరికాలోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో బార్నెట్ రోసెన్‌బర్గ్ అనే శాస్త్రవేత్త బాక్టీరియా మీద విద్యుత్ క్షేత్రం ప్రభావాన్ని పరీక్షిస్తున్నాడు. కరెంటు పెట్టగానే బాక్టీరియా విడిపోవడం మానేసి పొడవాటి దారాల్లా సాగిపోయాయి, కొన్ని మామూలు పొడవుకు 300 రెట్ల దాకా. కారణం కరెంటు కాదని తేలింది. ప్లాటినం ఎలక్ట్రోడ్ల నుంచి కరిగిన కొద్దిపాటి ప్లాటినం సమ్మేళనాలు ఆ పని చేశాయి. కణ విభజనను ఆపగలిగేది కణితిని కూడా ఆపవచ్చు కదా అనే ఆలోచన అక్కడ పుట్టింది. 1965లో ఆ ఫలితం 'నేచర్' పత్రికలో వచ్చింది, 1978లో సిస్‌ప్లాటిన్‌కి అమెరికాలో ఆమోదం దొరికింది. ఆ సమ్మేళనం మాత్రం 1840ల నుంచే కెమిస్టులకు తెలుసు!

వృషణాల క్యాన్సర్‌ని నయం చేయగలిగే జబ్బుగా మార్చింది ఈ మందే. కానీ కిడ్నీ దెబ్బ, వినికిడి తగ్గడం, తీవ్రమైన వాంతులు, చేతులూ కాళ్ల తిమ్మిర్లు దాని వెంటే వచ్చాయి. అంత బలమైన మందును కణితి ఉన్నచోట మాత్రమే మేలుకొలపగలమా? వెలుగుతో పనిచేసే లోహ మందుల పరిశోధన వెనుక ఉన్న ప్రశ్న ఇది.

వెలుగుతో వైద్యం నిజంగా కొత్త విషయమా?

కాదు. బొల్లి మచ్చలకు బావంచాలు రాసి ఎండలో కూర్చోబెట్టడం మన ఆయుర్వేదంలో ఎప్పటినుంచో ఉంది. ఆ గింజల్లోని సోరాలెన్ అనే పదార్థం ఎండలోని అతినీలలోహిత కిరణాలతో పనిచేస్తుందని ఆధునిక చర్మవైద్యం తర్వాత గుర్తించి, తానూ వాడుకుంది.

1900 ప్రాంతంలో జర్మనీలోని మ్యూనిక్‌లో ఆస్కార్ రాబ్ అనే వైద్య విద్యార్థి ఆక్రిడిన్ అనే రంగు పదార్థం పారమీసియాలను (నీటిలో ఉండే ఏకకణ జీవులను) వెలుగులో త్వరగా చంపుతోందని, చీకట్లో చంపడం లేదని గమనించాడు. అతని గురువు హెర్మన్ ఫాన్ టాపైనర్ ఆ దారిలో ముందుకెళ్లి, 1903లో సహచరుడు యెసియోనెక్‌తో కలిసి చర్మపు కణితుల మీద ఇయోసిన్ పూసి వెలుగు పెట్టి చూశాడు. చర్మ క్షయకు వెలుగు చికిత్స చేసిన నీల్స్ ఫిన్సెన్‌కి అదే ఏడాది నోబెల్ వచ్చింది. ఆ తర్వాత చాలాకాలం ఈ ఆలోచన పక్కన పడి ఉంది. అమెరికాలోని బఫలో నగరంలో థామస్ డోహర్టీ 1970ల్లో చేసిన పని దానికి మళ్లీ ప్రాణం పోసింది. ఫోటోఫ్రిన్ అనే మందుకు 1993లో కెనడాలో, 1995లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇలా మందు ఇచ్చి వెలుగు వేసే చికిత్సను 'ఫోటోడైనమిక్ థెరపీ' అంటారు. ఫోటోఫ్రిన్‌లో లోహం లేదు.

## లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవాలనుకునేవాళ్లకు

వెలుగు తగిలాక క్యాన్సర్ కణం ఎలా చచ్చిపోతుంది?

ఎక్కువ మందులు చేసేది ఇదీ: వెలుగు నుంచి పీల్చుకున్న శక్తిని పక్కనున్న ఆక్సిజన్‌కి ఇచ్చేస్తాయి. మనం పీల్చే మామూలు ఆక్సిజన్ ఆ శక్తితో 'సింగ్లెట్ ఆక్సిజన్'గా మారుతుంది. అది కణపొర కొవ్వుల్ని, ప్రొటీన్లను, మైటోకాండ్రియాను కనిపించినంత మేర ఆక్సీకరిస్తుంది. దాని ఆయుష్షు నీటిలో కొన్ని మైక్రోసెకన్లే, కణం లోపల ఇంకా తక్కువ. కాబట్టి పుట్టినచోటు నుంచి ఎంతో దూరం పోలేదు, పక్క అవయవానికి పాకడం అన్న మాటే లేదు. కొన్ని మందులు శక్తికి బదులు ఎలక్ట్రాన్‌ను ఇచ్చి సూపరాక్సైడ్, హైడ్రాక్సిల్ లాంటి, దేనితోనైనా వెంటనే చర్య జరిపే రాడికల్స్‌ని పుట్టిస్తాయి. దెబ్బ తగిలిన కణం కొన్నిసార్లు అక్కడికక్కడే పగిలిపోతుంది, కొన్నిసార్లు తనను తాను ముగించుకుంటుంది.

కణితి లోపల ఆక్సిజన్ తక్కువ ఉంటుందంటారు. అప్పుడెలా?

మంచి ప్రశ్న. వేగంగా పెరిగే కణితికి రక్తనాళాలు సరిగా అందవు, నడిమధ్య భాగంలో ఆక్సిజన్ చాలా తక్కువగా ఉంటుంది. ఆక్సిజన్ మీద ఆధారపడే వెలుగు మందు అక్కడ తడబడుతుంది. పైగా చికిత్స జరుగుతుండగా ఉన్న ఆక్సిజన్ కూడా ఖర్చవుతుంది.

లోహ సమ్మేళనాల ప్రత్యేకత ఇక్కడే బయటపడుతుంది. ఆక్సిజన్ అక్కర్లేకుండా, వెలుగు తగలగానే అణువే విడిపోయి మందుగా మారే పద్ధతి ఒకటుంది. దాన్ని 'ఫోటోయాక్టివేటెడ్ కీమోథెరపీ' అంటారు. ఇంగ్లండ్‌లోని వారిక్ యూనివర్సిటీలో పీటర్ శాడ్లర్ బృందం ప్లాటినానికి అజైడ్లు (మూడేసి నైట్రోజన్ పరమాణువుల గుంపులు) అతికిన ప్లాటినం(4) అజైడ్ సమ్మేళనాలను తయారుచేసింది. చీకట్లో ఇవి స్థిరంగా ఉంటాయి. నీలి వెలుగో, కొన్నింటికి ఆకుపచ్చ వెలుగో పడితే అజైడ్లు ఊడి రాడికల్స్ పుడతాయి, మిగిలిన ప్లాటినం డీఎన్‌ఏకి అతుక్కుంటుంది. ఒకే అణువు రెండు వైపుల నుంచి దెబ్బ కొడుతుందన్నమాట. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో సిల్వెస్టర్ బోనే బృందం రుథీనియంతో ఇలాంటి పనే చేస్తోంది. ఇవి ల్యాబ్‌లో, జంతువుల మీద జరుగుతున్న ప్రయోగాలు. రోగులకు ఇచ్చే దశ కాదు.

ఎరుపు లైటా, ఆకుపచ్చ లైటా? రంగుకి అంత పట్టింపేంటి?

చీకటి గదిలో మొబైల్ టార్చ్‌ని వేలికి ఆనించి చూడండి. తెల్లటి లైటే వేశారు, అవతలివైపు ఎర్రగా కనిపిస్తుంది. రక్తంలోని హిమోగ్లోబిన్ నీలి, ఆకుపచ్చ రంగులను చాలావరకు మింగేస్తుంది, ఎరుపు దాటిపోతుంది. స్థూలంగా చెప్పాలంటే నీలి వెలుగు కండలోకి ఒక మిల్లీమీటరు కూడా సరిగా దిగదు, ఆకుపచ్చ ఓ మిల్లీమీటరు, ఎరుపు (తరంగం పొడవు 630 నానోమీటర్లు) కొన్ని మిల్లీమీటర్లు, 750 దాటిన సమీప పరారుణం సుమారు సెంటీమీటరు.

అలాగైతే ఇంకా పొడవైన తరంగాలు వాడొచ్చు కదా అనిపిస్తుంది. తరంగం పొడవు పెరిగేకొద్దీ ఒక్కో ఫోటాన్‌లో శక్తి తగ్గుతుంది. సుమారు 850 నానోమీటర్లు దాటితే సింగ్లెట్ ఆక్సిజన్‌ను పుట్టించడానికి ఆ శక్తి చాలదు. ఇంకా పైకి పోతే ఒంట్లోని నీరే ఆ వెలుగును పీల్చేస్తుంది. అందుకే 650 నుంచి 850 మధ్య పట్టీ కోసం కెమిస్టులు ఇంత ఆరాటపడతారు. లోతుగా పోకపోవడం ఒక్కోసారి మేలు కూడా. మూత్రాశయం గోడ పైపొరలో మాత్రమే ఉన్న క్యాన్సర్‌కి ఆకుపచ్చ వెలుగు వాడితే కింది కండరం దాకా దెబ్బ పోదు.

బంతి మొక్కలో కూడా ఇలాంటి పదార్థం ఉందంటారు, నిజమేనా?

నిజమే. బంతి వేళ్లలో ఆల్ఫా-టెర్థయనిల్ అనే పదార్థం ఉంటుంది. గంధకం ఉన్న మూడు థయోఫీన్ వలయాలు గొలుసుగా కలిసిన అణువు అది. నేలలోని నులిపురుగుల బెడద తగ్గుతుందని టమాటా చేలలో బంతి వేస్తారు కదా, అందుకు కారణమైన పదార్థాల్లో ఇదొకటి. వెలుగు పడితే దీని విషగుణం బాగా పెరుగుతుంది. కెనడాలో పుట్టిన టీఎల్‌డీ-1433 అనే రుథీనియం మందులో ఒక లైగాండ్‌కి తోకలా ఉన్నది సరిగ్గా ఈ మూడు వలయాల గొలుసే. చేలో మొక్క తన రక్షణకు తయారుచేసుకున్న నిర్మాణం క్యాన్సర్ మందులోనూ పనికి రావడం నాకు ఎప్పటికీ ముచ్చటగానే ఉంటుంది. అలాగని బంతి కషాయం తాగితే క్యాన్సర్ తగ్గదు. రుథీనియం లేకుండా ఆ మందు లేదు.

రేడియేషన్ థెరపీకి, దీనికి తేడా ఏంటి? ఇది కూడా కిరణాలే కదా?

రేడియేషన్‌లో వాడే ఎక్స్-రేలు పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టేంత శక్తి గలవి. మందు లేకుండానే అవి కణాన్ని చంపుతాయి. దారిలో ఉన్న మంచి కణజాలానికీ కొంత దెబ్బ తగులుతుంది, అందుకే ఒక అవయవానికి జీవితకాలంలో ఇంతవరకే అనే హద్దు ఉంటుంది. ఇక్కడ వాడేది కంటికి కనిపించే వెలుగు, లేదా దానికి కాస్త పక్కనున్న పరారుణం. మందు లేని కణం మీద అది పడినా ఏమీ కాదు. మందు, వెలుగు రెండూ ఒకేచోట కలిస్తేనే పని జరుగుతుంది. అందువల్ల అవసరమైతే ఈ చికిత్సను అదే చోట మళ్లీ చేసే వీలుంటుంది.

## మనుషుల మీద ఇప్పటివరకు ఏం తేలింది

లోహం ఉన్న వెలుగు మందుకి ఎక్కడైనా ఆమోదం దొరికిందా?

దొరికింది. పడెలిపోర్ఫిన్, వాణిజ్య నామం టూకాడ్. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో అవిగ్డోర్ షెర్జ్, యోరామ్ సాలొమన్ దీనికి రూపం ఇచ్చారు. కిరణజన్య సంయోగక్రియ చేసే కొన్ని బాక్టీరియాలలో బాక్టీరియోక్లోరోఫిల్ ఉంటుంది, దాని నడుమ మెగ్నీషియం ఉంటుంది. ఆ మెగ్నీషియం స్థానంలో పల్లాడియం పెట్టి, నీటిలో కరిగేలా మార్చారు. ఇది రక్తనాళాల్లోనే ఉండిపోతుంది. 753 నానోమీటర్ల లేజర్ పడగానే రాడికల్స్ పుట్టి, కణితికి రక్తం తెచ్చే నాళాలు మూసుకుపోతాయి. రక్తం అందక కణితి చస్తుంది.

తక్కువ ప్రమాదమున్న ప్రోస్టేట్ క్యాన్సర్ గల 413 మందితో యూరప్‌లో జరిగిన మూడో దశ ట్రయల్ ఫలితాలు 2017లో వచ్చాయి. రెండేళ్ల తర్వాత జబ్బు ముదిరింది చికిత్స పొందినవాళ్లలో 28 శాతం మందికి, చికిత్స లేకుండా కేవలం పరిశీలనలో ఉన్నవాళ్లలో 58 శాతం మందికి. బయాప్సీలో క్యాన్సర్ కనపడనివాళ్లు 49 శాతం, అవతల 14 శాతం. ఆ ఏడాది నవంబరులో యూరోపియన్ యూనియన్ అనుమతి ఇచ్చింది.

కానీ 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సలహా సంఘంలో ఎక్కువమంది దీనికి వ్యతిరేకంగా ఓటేశారు. తక్కువ ప్రమాదమున్న ప్రోస్టేట్ క్యాన్సర్ చాలామందిలో ఏళ్ల తరబడి కదలకుండా ఉంటుంది. అసలు చికిత్సే అక్కర్లేని మనిషికి చికిత్స చేసి దుష్ప్రభావాలు తెచ్చిపెడుతున్నామేమో అన్నది వాళ్ల ప్రధాన శంక. నా దృష్టిలో ఆ శంక న్యాయమైనదే. మందు పనిచేస్తుందని తేలడం వేరు, ఎవరికి అవసరమో తేలడం వేరు.

రుథీనియం మందు సంగతేంటి? అది ఎంతవరకు వచ్చింది?

టీఎల్‌డీ-1433 కథ కెనడాలోని నోవా స్కోషియాలో, షెరీ మెక్‌ఫార్లాండ్ ల్యాబ్‌లో మొదలైంది. టొరంటోలో లోథర్ లిల్గె బృందం వెలుగు వైపు పని చూసింది, థెరలేజ్ అనే టొరంటో కంపెనీ దాన్ని ట్రయల్స్‌కి తీసుకెళ్లింది. గురి పెట్టింది మూత్రాశయం గోడ లోపలి పొరకే పరిమితమైన క్యాన్సర్ మీద.

ఆ జబ్బుకు ఇప్పుడు ఇచ్చే ముఖ్యమైన మందు బీసీజీ, మన పిల్లలకు క్షయ రాకుండా వేసే టీకాయే. దాన్ని మూత్రాశయంలోకి ఎక్కిస్తారు. అది పనిచేయకపోతే మూత్రాశయం మొత్తం తీసేయాల్సి రావచ్చు. ఆ తర్వాత కడుపు మీద సంచి తగిలించుకుని బతకడం ఎంత కష్టమో చూసినవాళ్లకే తెలుసు. అందుకే ఈ మందు మీద ఇంత ఆశ.

మొదటి దశలో 2017లో చేరింది ఆరుగురే, రెండు మోతాదుల్లో ఇచ్చి భద్రత చూశారు. 2019 నుంచి కెనడా, అమెరికా కేంద్రాల్లో బీసీజీకి లొంగని రోగులతో రెండో దశ నడిచింది. 2020లో ఎఫ్‌డీఏ 'ఫాస్ట్ ట్రాక్' హోదా ఇచ్చింది. ఫాస్ట్ ట్రాక్ అంటే పరిశీలన త్వరగా జరిగే వీలు మాత్రమే, ఆమోదం కాదు. ఈ మాట వార్తల్లో తరచూ తారుమారవుతుంది.

ల్యాబ్‌లో క్యాన్సర్ కణాలన్నీ చచ్చాయని రాశారు. ఇక మందు వచ్చేసినట్టేగా?

లేదు. గాజు పళ్లెంలో ఒకే పొరగా పెరిగిన కణాల మీద మందు, వెలుగు రెండూ సమానంగా పడతాయి. మనిషి ఒంట్లోని కణితి గడ్డలా ఉంటుంది, రక్తంతో నిండి ఉంటుంది, శ్వాసతో కదులుతుంటుంది. పళ్లెంలో గెలిచిన అణువుల్లో చాలావరకు ఎలుకల దగ్గరే ఆగిపోతాయి. వార్త చదివేటప్పుడు ఈ మూడు చూడండి: ప్రయోగం కణాల మీదా, జంతువుల మీదా, మనుషుల మీదా? వాడిన వెలుగు ఏ రంగు? చీకట్లో ఆ మందు ఎంత విషం? నీలి వెలుగుతో పళ్లెంలో సాధించిన ఫలితాన్ని కాలేయం లోపలి కణితికి అన్వయిస్తే అది తొందరపాటు.

నాలుగో స్టేజి వాళ్లకి పనికొస్తుందా? బ్లడ్ క్యాన్సర్‌కి?

ఈ ప్రశ్న అడిగేవాళ్ల గొంతులో ఏముంటుందో నాకు తెలుసు, అయినా ఉన్నమాటే చెప్పాలి. ఇది స్థానిక చికిత్స. వెలుగు వేసినచోటే పని. ఎముకలు, కాలేయం, ఊపిరితిత్తుల్లోకి పాకిన జబ్బును ఇది తీసేయలేదు. రక్తంలో అంతటా ఉండే ల్యుకేమియా లాంటివాటికీ తగదు. పాకిన జబ్బులో కూడా ఒక్కోసారి ఉపశమనం కోసం వెలుగు చికిత్స వాడతారు. ఉదాహరణకు అన్నవాహిక మూసుకుపోయి మింగుడు పడనివాళ్లకు ఫోటోఫ్రిన్‌తో దారి తెరుస్తారు. ఇలా చచ్చిన కణాలు రోగనిరోధక వ్యవస్థను మేల్కొలిపి దూరంగా ఉన్న కణితుల మీద కూడా పోరాడేలా చేస్తాయా అన్నది పరిశోధనలో ఉన్న విషయం. దాన్ని నమ్ముకుని ఇప్పుడు నడుస్తున్న చికిత్స ఆపకండి.

## చికిత్స రోజు, ఆ తర్వాత

ఒంటి లోపలున్న కణితి మీద లైట్ ఎలా వేస్తారు?

సన్నని ఆప్టికల్ ఫైబర్ ద్వారా. పడెలిపోర్ఫిన్ విషయంలో మత్తు ఇచ్చి, వృషణాల వెనుక చర్మం గుండా ప్రోస్టేట్‌లోకి బోలు సూదులు దింపి, వాటిలో ఫైబర్లు పెడతారు. మందును నరానికి 10 నిమిషాల పాటు ఎక్కించి, వెంటనే సుమారు 22 నిమిషాలు లేజర్ వేస్తారు. మూత్రాశయానికైతే రుథీనియం మందును సన్నని గొట్టం, అంటే క్యాథెటర్‌తో లోపలికి పంపి సుమారు గంట ఉంచుతారు. ఆ తర్వాత కడిగేసి, మూత్రాశయాన్ని నీటితో నింపి, గోడ అంతటికీ సమానంగా పడేలా 520 నానోమీటర్ల దగ్గరి ఆకుపచ్చ వెలుగు వేస్తారు.

రోజూ వేసుకునే బీపీ, షుగర్ మాత్రలతో ఇబ్బంది ఉంటుందా?

ఉండవచ్చు, తప్పకుండా చెప్పండి. థయాజైడ్ రకం బీపీ మాత్రలు, సల్ఫోనైల్‌యూరియా రకం షుగర్ మాత్రలు, డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్‌లు, అమియోడరోన్ వంటివి ఎండకు చర్మాన్ని సున్నితం చేస్తాయి. పడెలిపోర్ఫిన్ ఇచ్చే ముందు ఇలాంటివాటిని కనీసం 10 రోజులు ఆపమంటారు లేదా వేరేవి రాస్తారు. మీ అంతట మీరు ఆపకండి. మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకుని డాక్టరు ముందు పెట్టడం అన్నిటికన్నా సులువు.

చికిత్స తర్వాత ఎండలోకి వెళ్లకూడదంటారు, ఎన్నాళ్లు?

మందును బట్టి చాలా తేడా ఉంటుంది. ఫోటోఫ్రిన్ చర్మంలో నిలిచిపోతుంది, కనీసం 30 రోజులు ఎండకు, గట్టి లైట్లకు దూరంగా ఉండాలి. మన మే నెల ఎండల్లో అది చిన్న నియమం కాదు. పడెలిపోర్ఫిన్ త్వరగా బయటికి పోతుంది కాబట్టి మొదటి కొన్ని గంటలు మసక వెలుగులో ఉండి, 48 గంటలు నేరుగా ఎండ తగలకుండా చూసుకుంటే చాలు. మూత్రాశయంలోనే ఉంచి కడిగేసే మందుతో ఈ బెడద ఇంకా తక్కువ.

సన్‌స్క్రీన్ రాసుకుంటే సరిపోతుందని అనుకోవద్దు. అది ఆపేది అతినీలలోహిత కిరణాలను, ఈ మందులు మేలుకునేది కనిపించే వెలుగుకి. నిండా కప్పే బట్టలు, టోపీ, నల్ల కళ్లద్దాలే రక్ష. అలాగని ఫోటోఫ్రిన్ తీసుకున్నవాళ్లు తలుపులు మూసుకుని చీకటి గదిలో ఉండటమూ మంచిది కాదు. గదిలోని మామూలు వెలుగు చర్మంలో మిగిలిన మందును మెల్లగా కరిగిస్తుంది.

జుట్టు రాలడం, వాంతులు ఉంటాయా?

కీమోలో వచ్చినట్టు ఒంటి మొత్తానికీ రావు, మందు వెలుగు పడిన చోటే పనిచేస్తుంది కాబట్టి. వచ్చేవి ఆ చోటికి సంబంధించినవి: ప్రోస్టేట్ చికిత్స తర్వాత మూత్రంలో మంట, మూత్రం ఆగిపోవడం, అంగస్తంభన ఇబ్బంది. మూత్రాశయం తర్వాత మాటిమాటికీ వెళ్లాల్సి రావడం, రక్తపు చాయ. ఎక్కువమందిలో ఇవి తగ్గుముఖం పడతాయి. సిగ్గుపడి దాచుకోకుండా డాక్టరుకు చెప్పాలి.

## మన దగ్గర

హైదరాబాద్‌లో, విశాఖలో ఈ చికిత్స దొరుకుతుందా?

లోహంతో చేసిన వెలుగు మందు ఏదీ మన ఆస్పత్రుల్లో మామూలు చికిత్సగా లేదు. "మా దగ్గర ఉంది, ప్యాకేజీ ఇంత" అని ఎవరైనా ఫోన్ చేస్తే మందు పేరు, తయారీదారు, దేశంలో దానికున్న అనుమతి కాగితం అడగండి. చూపించలేకపోతే డబ్బు కట్టొద్దు. అమెరికా, కెనడాల్లో ఉన్న మనవాళ్లు మూత్రాశయ క్యాన్సర్ విషయంలో అక్కడి యూరాలజిస్టును ట్రయల్స్ గురించి నేరుగా అడగవచ్చు.

మన దేశంలో ఎవరైనా దీనిమీద పనిచేస్తున్నారా? పసుపు మాట కూడా విన్నాను.

బెంగళూరులోని ఐఐఎస్‌సీలో అఖిల్ చక్రవర్తి బృందం ఈ రంగంలో ఎన్నో ఏళ్లుగా పనిచేసింది. రుథీనియం లాంటి ఖరీదైన లోహాలతోనే ఆగకుండా రాగి, ఇనుము, వనేడియం, కోబాల్ట్‌తో కూడా వెలుగు మందులు తయారుచేసి చూపింది. పసుపు సంగతీ వాళ్లదే. పసుపులోని కర్క్యుమిన్‌కి క్యాన్సర్ కణాలను చంపే గుణం పళ్లెంలో కనిపిస్తుంది, కానీ ఒంట్లోకి వెళ్లగానే విచ్ఛిన్నమైపోతుంది. దాన్ని ప్లాటినానికి లైగాండ్‌గా కట్టేస్తే చీకట్లో స్థిరంగా ఉండి, వెలుగు పడినప్పుడు విడుదలవుతుందని వాళ్లు చూపారు. అదీ ల్యాబ్ దశే. కూరలో పసుపు ఎక్కువ వేసుకోవడానికీ దీనికీ పోలికే లేదు.

ట్రయల్‌లో చేరమంటే చేరొచ్చా? ప్రయోగ ఎలుకల్లా వాడుకుంటారేమో?

ఆ భయం ఉండటం సహజం. అందుకే మీ హక్కులు తెలుసుకుని వెళ్లండి. మన దేశంలో 2009 జూన్ నుంచి ప్రతి క్లినికల్ ట్రయల్ సీటీఆర్‌ఐ అనే జాతీయ రిజిస్ట్రీలో నమోదు కావాలి. అది ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. ట్రయల్ పేరు అక్కడ లేకపోతే వెనక్కి వచ్చేయండి. 2019 నిబంధనల ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలి. సమ్మతి పత్రం మీకు అర్థమయ్యే భాషలో, అంటే తెలుగులో అడగండి. ఇంటికి తీసుకెళ్లి నలుగురితో చదివించుకుని సంతకం పెట్టండి. మధ్యలో మానేసే హక్కు మీకుంది, మానేసినందుకు మామూలు చికిత్స ఆపకూడదు.

ఆన్‌లైన్‌లో రెడ్ లైట్ మెషీన్లు అమ్ముతున్నారు. కొనొచ్చా?

క్యాన్సర్ కోసమైతే వద్దు. మందు లేని ఎర్ర లైటు కణితిని చంపదు. ఉదయం ఎండలో కూర్చున్నా చంపదు. ఆస్పత్రిలో వాడే లేజర్‌కి తరంగం పొడవు, తీవ్రత, సమయం అన్నీ మందుకు సరిపడేలా కొలిచి పెడతారు. ఆ మెషీన్‌కి పెట్టే వేలు స్కానింగ్‌కో మందులకో పనికొస్తాయి.

మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ. ఈ రంగంలోకి రావాలంటే ఏం చదవాలి?

ఎమ్మెస్సీలో ఇనార్గానిక్ తీసుకుని, కోఆర్డినేషన్ కెమిస్ట్రీ, ఫోటోకెమిస్ట్రీ గట్టిగా నేర్చుకోమనండి. గ్రూప్ థియరీ, స్పెక్ట్రోస్కోపీ చాలామంది పరీక్ష కోసం చదివి వదిలేస్తారు, ఇక్కడ రోజువారీ పని వాటితోనే. పీహెచ్‌డీకి వెళ్లేలోపు కణాలను పెంచడం, వాటి మీద మందు పరీక్షించడం కొంతైనా చేతితో చేసి ఉంటే మేలు. సింథసిస్ బాగా వచ్చినవాళ్లు దొరుకుతారు, జీవశాస్త్రం వచ్చినవాళ్లూ దొరుకుతారు. రెండింటి మధ్యా నిలబడి డాక్టరుతో కూడా మాట్లాడగలిగేవాళ్లే తక్కువ. సీఎస్‌ఐఆర్ నెట్, గేట్ రెండిటికీ ఇప్పటినుంచే సిద్ధమైతే ఐఐఎస్‌సీ, ఐఐటీలు, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి చోట్ల దారి ఉంటుంది.